డబ్బు ఎటునుంచి వస్తే చదువు అటే

1930లలో జయపురం మహారాజా విక్రమదేవ వర్మ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చేవారు. 1926లో పుట్టి, మొదట బెజవాడలో ఉండి, తర్వాత వాల్తేరు చేరిన విశ్వవిద్యాలయం అది. చట్టం ఉంది, కట్టమంచి రామలింగారెడ్డి లాంటి వైస్ ఛాన్సలర్ ఉన్నారు. చాలినంత డబ్బు మాత్రం లేదు. మహారాజా అండతో సైన్సు, టెక్నాలజీ కళాశాల నిలదొక్కుకుంది. చాలాకాలం దాన్ని ఆయన పేరుతోనే పిలిచారు. టి.ఆర్. శేషాద్రి రసాయనశాస్త్రం, సూరి భగవంతం భౌతికశాస్త్రం చెప్పింది ఆ ప్రాంగణంలోనే. ఆ తర్వాత ప్రపంచంలోనే పేరెన్నికగన్న గణాంకశాస్త్రవేత్త అయిన సి.ఆర్. రావు గణితంలో ఎంఏ చదివింది కూడా అక్కడే.

ఎంతమంది విద్యార్థులు చేరితే అంత అన్న లెక్క మీద ఆ లక్ష రాలేదు. ఏ కోర్సుకు గిరాకీ ఉంది, ఏ సీట్లు మిగిలిపోయాయి అని ఎవరూ అడగలేదు. విద్యార్థులు పదిమందే ఉన్నా, మంచి పండితుణ్ణి తెచ్చుకుని, ఆయనకో ప్రయోగశాల కట్టించి, పదేళ్లు ఓపిక పట్టడానికి పనికొచ్చే డబ్బు అది.

హైదరాబాదులో కథ వేరు. 1918లో ఉస్మానియాను పెట్టిన ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ డబ్బుతో పాటు భాషనూ నిర్ణయించారు. బోధన ఉర్దూలో జరగాలన్నారు. పాఠ్యపుస్తకాలు లేకపోతే అనువాద సంస్థనే పెట్టించారు. వైద్యం నుంచి ఇంజినీరింగ్ దాకా పుస్తకాలన్నీ ఉర్దూలోకి దింపించారు. రాజ్యంలో ఎక్కువమంది మాట్లాడే భాష తెలుగు. విశ్వవిద్యాలయం భాష ఉర్దూ. ఖజానా ఎవరి చేతిలో ఉంటే నిర్ణయం వారిదే అయింది. మంచిచెడులు పక్కన పెడితే, విశ్వవిద్యాలయం ఏం చేస్తుందన్నది దానికి డబ్బిచ్చేవారు ఏం కోరుతున్నారన్న దాన్ని బట్టే ఉంటుందని ఈ రెండు ఉదంతాలూ చెబుతాయి. ఈ మాట గుర్తు పెట్టుకుని నేటి లెక్కలు చూడాలి.

నేడు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ విశ్వవిద్యాలయానికి ఏటా బ్లాక్ గ్రాంటు వస్తుంది. పేరుకది విశ్వవిద్యాలయం నడపడానికిచ్చే డబ్బు. ఖర్చయ్యేది మాత్రం చాలావరకు జీతాలకూ పెన్షన్లకూ. పాత విశ్వవిద్యాలయమైతే పెన్షన్ల భారం మరీ ఎక్కువ. వందేళ్ల సంస్థలో పనిచేసేవారి కంటే పనిచేసి వెళ్లినవారి సంఖ్య పెరుగుతూ పోవడం సహజం. ఆ బరువును విశ్వవిద్యాలయం బడ్జెట్‌లోనే ఉంచి, మిగిలినదానితో పరిశోధన చేసుకోమనడంలో న్యాయం లేదు. పదవీ విరమణ చేసిన ప్రొఫెసర్ పెన్షనూ, ప్రయోగశాలలో మైక్రోస్కోపూ ఒకే సంచిలోంచి రావాలంటే, ప్రతి ఏడాదీ ఓడిపోయేది మైక్రోస్కోపే.

దీనికి తోడు 2006-08 మధ్య ఉమ్మడి రాష్ట్రం జిల్లాకో విశ్వవిద్యాలయం చొప్పున పెట్టుకుంటూ పోయింది. ఆదికవి నన్నయ, యోగి వేమన, తెలంగాణ, మహాత్మాగాంధీ, శాతవాహన, పాలమూరు, కృష్ణా, రాయలసీమ, విక్రమ సింహపురి, శ్రీకాకుళంలో అంబేద్కర్ విశ్వవిద్యాలయం వచ్చాయి. మారుమూల జిల్లా పిల్లలకు, ముఖ్యంగా ఆడపిల్లలకు, ఇవి తలుపులు తెరిచిన మాట నిజం. కానీ కొత్త విశ్వవిద్యాలయానికి శంకుస్థాపన శిలాఫలకం దొరికినంత తేలిగ్గా అధ్యాపక పోస్టులు దొరకలేదు. విభాగానికి ఇద్దరో ముగ్గురో శాశ్వత అధ్యాపకులు, మిగతా అంతా కాంట్రాక్టు, పార్ట్‌టైమ్, గెస్ట్. ఇదే అక్కడి మామూలు దృశ్యం.

పాతవాటి సంగతీ అంతే. తెలంగాణ విశ్వవిద్యాలయాల్లో మంజూరైన అధ్యాపక పోస్టుల్లో సగానికి మించి ఖాళీలే. ఉమ్మడి నియామక బోర్డు పెడతామని 2022లో శాసనసభ బిల్లు ఆమోదిస్తే అది రాజ్‌భవన్ గడప దగ్గర ఆగింది. 2025 జనవరిలో అధ్యాపకుల పదవీ విరమణ వయసు 60 నుంచి 65కు పెంచారు. ఉన్నవారిని ఆపుకోవడమంటే కొత్తవారిని తీసుకోలేకపోతున్నామని ఒప్పుకోవడమే కదా! ఆంధ్రప్రదేశ్‌లో 2023 అక్టోబరులో 3,220 పోస్టులకు ప్రకటన ఇచ్చారు. అది కోర్టు కేసుల్లో చిక్కుకుంది. పీహెచ్‌డీ చేసి, నెట్ పాసై, నలభై ఏళ్లు దాటినా గంటల లెక్కన పాఠం చెప్పి బతికేవారు ప్రతి ప్రాంగణంలోనూ కనిపిస్తారు.

ఈ పరిస్థితి రావడానికి ప్రభుత్వాల దగ్గర డబ్బు లేకపోవడమే కారణమా? పూర్తిగా కాదు. ఉన్నత విద్యకు ఖర్చు తగ్గిందనడం కంటే, ఆ డబ్బు దారి మార్చుకుందనడం సరైన మాట. ఆ దారి మలుపు 2008లో ఉంది.

ఆ ఏడాది వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఫీజు రీయింబర్స్‌మెంట్‌ను పెద్దఎత్తున అమల్లోకి తెచ్చింది. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, పేద కుటుంబాల పిల్లలు ఎక్కడ సీటు తెచ్చుకున్నా ఫీజు ప్రభుత్వం కట్టేది. ఈ పథకం చేసిన మేలును తక్కువ చేసి మాట్లాడేవారు తెలుగు పల్లెలను చూడనివారై ఉండాలి. కూలి చేసుకునే ఇంటి నుంచి సాఫ్ట్‌వేర్ ఇంజినీరు రావడం ఆ తర్వాత వార్త కాకుండా పోయింది.

అయితే ఈ పథకం ఇంకో పని కూడా చేసింది. అంతవరకు ప్రభుత్వ డబ్బు సంస్థకు అందేది, ఇప్పుడు విద్యార్థి వెంట నడవడం మొదలుపెట్టింది. విద్యార్థి ఎటు వెళితే అటు, అంటే ఇంజినీరింగ్‌కు. కొద్దికాలంలోనే ఉమ్మడి రాష్ట్రంలో ఇంజినీరింగ్ కళాశాలలు ఏడు వందల దరిదాపులకు చేరాయి. పొలాల మధ్య నాలుగంతస్తుల భవనాలు లేచాయి. పసుపుపచ్చ బస్సులు ఊళ్లలో తిరిగాయి. పీజీ చేసే విద్యార్థి, చరిత్రో వృక్షశాస్త్రమో చదివే విద్యార్థి, పరిశోధన చేసే విద్యార్థి వెంట వచ్చే డబ్బు చాలా తక్కువ. మార్కెట్ అన్నమాట కాస్త కటువుగా వినిపించవచ్చు. కానీ కొనేవాడి చేతిలో సర్కారు డబ్బు పెట్టి, అమ్మేవాళ్లను పోటీ పడమన్నప్పుడు అది మార్కెట్టే. అందులో ఉస్మానియా ఇంజినీరింగ్ కళాశాలతో పోటీ పడింది మరో విశ్వవిద్యాలయం కాదు. కాలేజీ బస్సు, హాస్టలు, ప్లేస్‌మెంట్ ఫ్లెక్సీ.

తెలంగాణలో ఈఏపీసెట్ (వెనకటి ఎంసెట్) ర్యాంకు పదివేల లోపు ఉంటే పూర్తి ఫీజు, దాటితే చాలామందికి రూ. 35 వేలే ఇస్తారు. పేరున్న కళాశాలల ఫీజు లక్షన్నర దాటింది. మిగిలినది ఇంటివారు కట్టుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో విద్యాదీవెన పేరుతో డబ్బును తల్లుల ఖాతాల్లో వేశారు. 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ నేరుగా కళాశాలలకే ఇస్తామన్నారు. మధ్యలో 2020 డిసెంబరులో జీవో 77 వచ్చింది. ప్రైవేటు కళాశాలల్లో పీజీ చదివేవారికి రీయింబర్స్‌మెంట్ ఉండదన్నది దాని సారం. ఒక్క జీవోతో ఒక స్థాయి చదువు మొత్తం గిరాకీ కోల్పోయింది. ఎంఏ, ఎంఎస్సీ సీట్లు ఖాళీగా మిగులుతున్నాయంటే, పిల్లలకు ఆసక్తి లేదని తేల్చేసే ముందు ఈ జీవోను కూడా చదవాలి.

ఇక బకాయిల కథ. బిల్లు పాసవుతుంది, ట్రెజరీ టోకెన్ ఇస్తుంది, డబ్బు రాదు. 2025 నవంబరులో తెలంగాణలో ప్రైవేటు కళాశాలలు బకాయిలు చెల్లించాలంటూ తలుపులు మూసి బందు పాటించాయి. ఈ తగువులో యాజమాన్యాలకూ ప్రభుత్వానికీ మధ్య నలిగేది సర్టిఫికెట్లు అందని విద్యార్థే. ఉద్యోగంలో చేరడానికి టీసీ కావాలంటాడు. నీ ఫీజు సర్కారు కట్టలేదు, ముందు నువ్వు కట్టి తీసుకెళ్లు, వాళ్లిచ్చాక తిరిగిస్తాం అంటారు. జీతాలు ఆలస్యమయ్యే అధ్యాపకులది ఇంకో వరస. తేదీ తెలియని ఆదాయం మీద ఆధారపడిన సంస్థ మంచి అధ్యాపకుణ్ణి మూడేళ్లకైనా నిలుపుకోలేదు.

ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు చేతులు కట్టుకుని కూర్చోలేదు. గ్రాంటు చాలకపోతే సొంత సంపాదన వెతుక్కున్నాయి: సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సులు, దూరవిద్య, పరీక్ష ఫీజులు, అనుబంధ కళాశాలల నుంచి వచ్చే అఫిలియేషన్ రుసుములు. ఈ చివరిది చూడటానికి అమాయకంగా ఉంటుంది గానీ, అన్నిటికంటే చిక్కుముడి ఇందులోనే ఉంది. జేఎన్‌టీయూ లాంటి విశ్వవిద్యాలయం తన పరిధిలోని కళాశాలలో ల్యాబులున్నాయా, అధ్యాపకులున్నారా అని తనిఖీ చేయాలి. లేకపోతే అనుమతి నిరాకరించాలి. నిరాకరిస్తే పోయేది తన ఆదాయమే. తనిఖీ రోజున మాత్రమే కనిపించే అధ్యాపకులు, ఒకే పేరు మూడు కళాశాలల జాబితాల్లో ఉండటం ఇంజినీరింగ్ విద్య తెలిసినవారికి కొత్త కాదు. బయోమెట్రిక్ హాజరు పెట్టాల్సి వచ్చింది అందుకే. ఇప్పుడు పెద్ద కళాశాలలు ఒక్కొక్కటే అటానమస్ అవుతున్నాయి, డీమ్డ్ హోదాకు వెళుతున్నాయి. మెరుగైనవి వెళ్లిపోగా మిగిలిన బలహీనమైన కళాశాలల రుసుముల మీద విశ్వవిద్యాలయం బతకాల్సి వస్తుంది. అప్పుడు తనిఖీ మరింత మెతకబడుతుందా, గట్టిపడుతుందా? జవాబు ఊహించడం కష్టం కాదు.

దూరవిద్య మీద ఎక్కువగా ఆధారపడితే ఏమవుతుందో పొరుగున చిదంబరంలో చూడవచ్చు. 1929లో రాజా అన్నామలై చెట్టియార్ ఇరవై లక్షల రూపాయల విరాళంతో పుట్టిన అన్నామలై విశ్వవిద్యాలయం, దూరవిద్యతో దేశమంతా పేరు తెచ్చుకుంది. ఉద్యోగం చేసుకుంటూ అన్నామలైలో పీజీ కట్టిన ఉపాధ్యాయులు, గుమాస్తాలు తెలుగు ఊళ్లలోనూ కొల్లలు. ఆ ఫీజులు పారినన్నాళ్లూ సిబ్బందిని తీసుకుంటూ పోయారు. ఎంతగా అంటే, పని కంటే మనుషులు ఎక్కువయ్యారు. 2012 చివరికి జీతాలు తగ్గిస్తామని యాజమాన్యం ప్రతిపాదించే దాకా వచ్చింది, ఉద్యోగులు రోడ్డెక్కారు. 2013 ఏప్రిల్‌లో తమిళనాడు ప్రభుత్వం ఐఏఎస్ అధికారిని నియమించి పాలన తన చేతిలోకి తీసుకుంది. అదే ఏడాది చట్టం చేసి విశ్వవిద్యాలయాన్నే స్వాధీనం చేసుకుంది. మిగులు సిబ్బందిని వేల సంఖ్యలో రాష్ట్రమంతటా ప్రభుత్వ కళాశాలలకూ కార్యాలయాలకూ పంపాల్సి వచ్చింది. ఒక దాత స్థాపించిన సంస్థను చివరికి ప్రజల పన్నులే కాపాడాయి. తేలిగ్గా వచ్చే ఒక్క ఆదాయాన్ని నమ్ముకుని శాశ్వత ఖర్చులు పెంచుకున్న సంస్థ ఏదైనా ఈ దారినే వెళుతుంది.

ప్రైవేటు, డీమ్డ్ విశ్వవిద్యాలయాల మాటేమిటి? విశాఖలో 1980లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి అనుబంధ కళాశాలగా మొదలైన గీతం 2007లో డీమ్డ్ హోదా పొందింది. విజ్ఞాన్, కేఎల్ ఆ తర్వాత ఏడాది రెండేళ్లలో అదే బాట పట్టాయి. 2017లో అమరావతికి విట్, ఎస్ఆర్ఎం వచ్చాయి. 2018లో తెలంగాణ ప్రైవేటు విశ్వవిద్యాలయాల చట్టం చేసింది. వీటిని ఫీజుల దుకాణాలని కొట్టిపారేయడం అన్యాయం. విదేశాల్లో పరిశోధన చేసి తిరిగొచ్చిన యువ అధ్యాపకులకు, ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు ప్రకటన కూడా ఇవ్వని సమయంలో, ఉద్యోగాలిచ్చింది వీటిలో కొన్నే. ల్యాబులు కట్టాయి, పేటెంట్ల వెంట పడ్డాయి. ఆంధ్రప్రదేశ్‌లోనైతే ప్రైవేటు విశ్వవిద్యాలయాల సీట్లలో 35 శాతం కన్వీనర్ కోటాకు కేటాయించాలన్న నిబంధన వల్ల ప్రభుత్వ డబ్బు వీటికీ చేరింది.

కానీ వీటి గుండెకాయ ఒక్కటే: బీటెక్, అందులోనూ కంప్యూటర్ సైన్స్. తెలంగాణ ఇంజినీరింగ్ సీట్లలో మూడింట రెండు వంతులకు పైగా కంప్యూటర్ సైన్స్, దాని పిల్లకోర్సులే. ఏఐ, డేటా సైన్స్, సైబర్ సెక్యూరిటీ అని తోకలు మారుతుంటాయి. 2024లో సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ సీట్ల మీద గరిష్ఠ పరిమితి ఎత్తేశాక సివిల్, మెకానికల్ విభాగాలు మరింత బక్కచిక్కాయి. సాఫ్ట్‌వేర్ కంపెనీలు రెండేళ్లు నియామకాలు తగ్గిస్తే ఈ సౌధమంతా ఏ పునాది మీద నిలుస్తుంది? చిదంబరంలో దూరవిద్య చేసిన పనిని ఇక్కడ కంప్యూటర్ సైన్స్ చేయదన్న హామీ ఏదీ లేదు.

పోటీ ఫీజుల మీద ఉన్నప్పుడు ర్యాంకు, గ్రేడు ప్రకటనల సరుకులవుతాయి. విద్యాసంస్థలకు గ్రేడ్లిచ్చే న్యాక్ వారి ఏ++ అన్న మూడు గుర్తులకు ఎంత విలువ వచ్చిందంటే, 2025 ఫిబ్రవరిలో గుంటూరు జిల్లాలోని ఒక విద్యాసంస్థకు మంచి గ్రేడు ఇవ్వడానికి లంచం తీసుకున్నారన్న ఆరోపణపై సీబీఐ న్యాక్ తనిఖీ బృందం సభ్యులనే అరెస్టు చేసింది. ఆరోపణల నిజానిజాలు కోర్టు తేల్చాలి. అలాంటి కేసు పుట్టే పరిస్థితి ఎలా వచ్చిందన్నది మాత్రం కోర్టు తేల్చే విషయం కాదు.

ఇంత జరిగినా ఒక చిత్రం. 2024లో కేంద్ర విద్యాశాఖ ర్యాంకుల వ్యవస్థ ఎన్ఐఆర్ఎఫ్ తొలిసారి రాష్ట్ర ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకు విడిగా ర్యాంకులిస్తే దేశంలో ఉస్మానియా 6, ఆంధ్రా 7 స్థానాల్లో నిలిచాయి. సగం ఖాళీ కుర్చీలతో ఈ స్థానం. కుర్చీలు నిండితే ఎక్కడుండేవో.

తెలుగు కుటుంబాలు పెట్టే ఫీజు ఈ దేశంతో ఆగదు. అమెరికాలో ఎంఎస్ కోసం నలభై, యాభై లక్షల అప్పు చేసే ఇళ్లు ఇప్పుడు పట్టణాల్లోనే కాదు, మండల కేంద్రాల్లోనూ ఉన్నాయి. 2023-24లో అమెరికాలో చదివే భారతీయ విద్యార్థులు 3.31 లక్షలు దాటి చైనాను మించారు. అందులో తెలుగువారి వాటా పెద్దది. ఆ ఫీజులు అక్కడ ఏ లోటు పూడుస్తున్నాయో అరుదుగా ఆలోచిస్తాం.

బ్రిటన్ ఇందుకు తెరిచిన పుస్తకం. ఇంగ్లండులో 1998లో వెయ్యి పౌండ్లతో మొదలైన ట్యూషన్ ఫీజు 2012కు తొమ్మిది వేలయింది. ఆ తర్వాత 2017లో 9,250 దగ్గర ఆగి ఏళ్లతరబడి కదల్లేదు. ధరలు మాత్రం కదిలాయి. స్కాట్లండులోనైతే స్థానిక విద్యార్థికి చదువు ఉచితం. ప్రభుత్వం తలకింత అని విశ్వవిద్యాలయానికి కడుతుంది, అది అసలు ఖర్చుకు చాలదు. (మన రీయింబర్స్‌మెంట్ గుర్తొస్తే తప్పు పాఠకుడిది కాదు.) ఆ తేడాను పూడ్చింది విదేశీ విద్యార్థుల ఫీజులు. 2024 జనవరి నుంచి కుటుంబ సభ్యులను వెంట తీసుకెళ్లే వీలును బ్రిటన్ చాలామంది విద్యార్థులకు తీసేసింది. నైజీరియా కరెన్సీ కుప్పకూలి అక్కడి విద్యార్థులు తగ్గారు. స్కాట్లండులోని డండీ విశ్వవిద్యాలయంలో 3.5 కోట్ల పౌండ్ల లోటు బయటపడింది. ప్రిన్సిపాల్ రాజీనామా చేశారు. 2025 మార్చిలో 632 ఉద్యోగాలు తీసేస్తామని ప్రకటించారు. వైద్య పరిశోధనలో పేరున్న సంస్థ అది. అక్కడి శాస్త్రవేత్తల తప్పేమీ లేదు. ఆఫ్రికాలో ఒక కరెన్సీ పడిపోయింది, లండన్‌లో ఒక వీసా నిబంధన మారింది. కెనడాలోనూ అంతే. అంటారియో ప్రభుత్వం 2019లో ఫీజులు పది శాతం తగ్గించి అక్కడే కట్టేస్తే, కళాశాలలు భారతీయ విద్యార్థులతో గల్లాపెట్టె నింపుకున్నాయి. 2024లో అక్కడి కేంద్ర ప్రభుత్వం వీసాలకు కోత పెట్టగానే కోర్సులు మూసేయడం మొదలుపెట్టాయి.

ఇంట్లో లోటు ఉన్న విశ్వవిద్యాలయాలు ఇప్పుడు ఇండియాకే వస్తున్నాయి. సౌతాంప్టన్ గురుగ్రామ్‌లో తరగతులు మొదలుపెట్టింది. గుజరాత్ గిఫ్ట్ సిటీలో ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయాలు రెండున్నాయి. వస్తే మంచిదే. కానీ అవి తెచ్చే కోర్సులు చూస్తే కంప్యూటింగ్, ఫైనాన్స్, బిజినెస్. ఫీజు పలికే చోటే వాళ్లూ దుకాణం తెరుస్తారు. వాళ్లను తప్పుపట్టి లాభం లేదు.

ఇక్కడ హార్వర్డ్ మాట ఒకటి చెప్పుకోవాలి. 2025 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వం దానికి 220 కోట్ల డాలర్ల పైచిలుకు పరిశోధన నిధులు ఆపేసింది. హార్వర్డ్ కోర్టుకెక్కింది, సెప్టెంబరులో కింది కోర్టులో గెలిచింది. అన్ని నెలలు నిలబడగలిగింది దాని వెనుక 5,000 కోట్ల డాలర్లు మించిన నిధి ఉండబట్టే. ఆ నిధి లేని విశ్వవిద్యాలయం సర్కారు ఫోన్ చేయగానే లొంగిపోతుంది. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం మారిన కొద్దివారాలకే వైస్ ఛాన్సలర్లు మూకుమ్మడిగా రాజీనామాలిచ్చారు. అదే ఏడాది తెలంగాణలో నెలల తరబడి ఐఏఎస్‌లే ఇన్‌చార్జి వీసీలు. డబ్బిచ్చే చెయ్యి ఒక్కటే అయితే స్వయంప్రతిపత్తి చట్టంలో ఉంటుంది, ఛాంబర్‌లో ఉండదు.

కేంద్రం చూపిన దారులు కొన్ని. 2013లో రూసా, 2023లో పీఎం ఉషా. 60:40 పద్ధతిలో రాష్ట్రం తన వాటా వేస్తేనే నడిచేవి. పరికరాలు కొనడానికి, భవనాలు కట్టడానికి పనికొస్తాయి. వాటిని వాడే అధ్యాపకుడి జీతాన్ని శాశ్వతంగా మోయడానికి కాదు. 2017లో కెనరా బ్యాంకు భాగస్వామ్యంతో హెఫా వచ్చింది. కేంద్ర విద్యాసంస్థలకు గ్రాంటు స్థానంలో అప్పు. కొన్ని సంస్థలు అసలును సొంత ఆదాయం నుంచి తిరిగి కట్టాలి. సొంత ఆదాయమంటే చివరికి ఫీజులే. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయానికి ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఎమినెన్స్ హోదాతో వెయ్యి కోట్ల దాకా వచ్చే వీలు దక్కింది. అలాంటి అదృష్టం రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు లేదు. 2023లో చట్టమైన అనుసంధాన్ జాతీయ పరిశోధన సంస్థ అయిదేళ్లలో 50 వేల కోట్లు ఖర్చు పెడతానంది. అందులో 36 వేల కోట్లు ప్రభుత్వేతర వనరుల నుంచి రావాలట. పరిశోధన మీద అంత దాతృత్వం చూపే పరిశ్రమ ఈ దేశంలో ఎక్కడుందో ముందు వెతకాలి.

అయితే దాతలు లేరనీ కాదు. 2024 ఆగస్టులో బాపట్లకు చెందిన పారిశ్రామికవేత్త కృష్ణా చివుకుల మద్రాసు ఐఐటీకి రూ. 228 కోట్లిచ్చారు. ఆయన అక్కడి పూర్వ విద్యార్థి, ఇవ్వడం సహజం. ఆ ఐఐటీ ఒక్క 2023-24లోనే పూర్వ విద్యార్థులు, కంపెనీల నుంచి రూ. 513 కోట్లు సమకూర్చుకుంది. దాని వెనుక ఏళ్లతరబడి పనిచేసే కార్యాలయం ఉంది, ఎవరు ఎక్కడున్నారో జాబితా ఉంది, ఇచ్చిన రూపాయి ఎక్కడ ఖర్చయిందో చెప్పే లెక్క ఉంది. ఆంధ్ర, ఉస్మానియా, వెంకటేశ్వర, కాకతీయ పూర్వ విద్యార్థులు అమెరికాలో, గల్ఫ్‌లో, బెంగళూరులో లక్షల్లో ఉన్నారు. తెలుగు సంఘాల సభలకు లక్షల డాలర్లు పోగుచేయగలిగినవారు తాము చదివిన విభాగానికి ఏడాదికి వంద డాలర్లివ్వలేరా? ఇవ్వగలరు. అడిగేవారు లేరు. అడిగినా, తమ డబ్బు ప్రహరీగోడకో సెమినార్ హాలు కుర్చీలకో పోదన్న నమ్మకం లేదు.

సింగపూర్, హాంగ్‌కాంగ్ ప్రభుత్వాలు దీనికో ఉపాయం కనిపెట్టాయి. దాత ఒక డాలరు ఇస్తే ప్రభుత్వం తన వంతు కలుపుతుంది. దాతకు తన డాలరు రెండవుతుందన్న ఉత్సాహం, విశ్వవిద్యాలయానికి బయటికెళ్లి అడగాలన్న ఒత్తిడి. వందేళ్ల మైలురాయి చేరిన విశ్వవిద్యాలయాలున్న రాష్ట్రాలు శతాబ్ది సంబరాలకయ్యే ఖర్చులో కొంత ఇలాంటి నిధికి మూలధనంగా వేసి ఉంటే బాగుండేది.

కానీ దాతలతో, విదేశీ విద్యార్థులతో, సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సులతో ఎన్ని కాళ్లు తగిలించినా, నడుము ప్రభుత్వ గ్రాంటే. దాత భవనం కట్టిస్తాడు, పీఠం పెడతాడు. మొదటి తరం చదువరి అయిన పిల్లకు తెలుగు ఎంఏ పాఠం చెప్పే టీచరుకు ముప్ఫై ఏళ్లు జీతమివ్వడు. ఆ పని చేయగలిగింది ఖజానా ఒక్కటే. బ్రిటన్‌లో 1919లో పుట్టిన గ్రాంట్స్ కమిటీ విశ్వవిద్యాలయాలకు అయిదేళ్లకోసారి ముందే మొత్తం చెప్పి ఇచ్చేది. మన యూజీసీ కూడా పంచవర్ష ప్రణాళికలు ఉన్నన్నాళ్లూ అలాగే ఇచ్చింది. రాష్ట్రాలు మాత్రం మూడు నెలలకోసారి, అదీ ఆర్థికశాఖ దయ తలిస్తే. కనీసం మూడేళ్ల గ్రాంటు ముందే ప్రకటించి, పెన్షన్లను విశ్వవిద్యాలయం పద్దులోంచి తీసి ప్రభుత్వమే నేరుగా చెల్లిస్తే, కొత్త ఖర్చు పెద్దగా లేకుండానే పాత విశ్వవిద్యాలయాలకు ఊపిరి ఆడుతుంది. అఫిలియేషన్ తనిఖీని ఆ రుసుముతో బతకని సంస్థకు అప్పగించాలి. రీయింబర్స్‌మెంట్‌కు ఏటా ఖచ్చితమైన తేదీ ఉండాలి. దాటితే వడ్డీ ప్రభుత్వానిదే కావాలి.

ఇవేవీ కొత్త ఆలోచనలు కావు. కమిటీల నివేదికల్లో ఏదో ఒక రూపంలో కనిపిస్తూనే ఉంటాయి. అమలు కాకపోవడానికి కారణం సూటిగా చెప్పవచ్చు. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఓటరు ఇంటికి చేరుతుంది, దాని పేరు మార్చుకోవచ్చు, సభలో చెప్పుకోవచ్చు. అసోసియేట్ ప్రొఫెసర్ పోస్టు మీద ఎవరి ఫొటో వేయగలం? అందుకే వచ్చే బడ్జెట్ సమావేశాల్లో ఉన్నత విద్యకు ఇన్ని వేల కోట్లని రెండు రాష్ట్రాల ఆర్థిక మంత్రులు చదివినప్పుడు, ప్రతిపక్షంలో ఎవరున్నా మూడు విషయాలు నిలదీసి అడగాలి: ఆ మొత్తంలో పెన్షన్లు పోను మిగిలేది ఎంత, కొత్త అధ్యాపకుల మొదటి ఏడాది జీతాలకు కేటాయించింది ఎంత, అది విడుదలయ్యే తేదీ ఏది.